సరోగర్భ కాలగణనం: పీఠిక

జలాశయపు అడుగున ఒండ్రు ఏ వేగంతో పేరుకొంటున్నదన్న ప్రశ్నను ఆశ్రయించుకొని ఎన్నో ప్రశ్నలు ఉన్నాయి. ఒక ఆనకట్ట వెనుక నిలిచిన నీరు ఇంకెన్ని తరాల పంటలకు అందుతుందో, ఎగువనున్న కొండ ఏ దశాబ్దంలో తన వనాచ్ఛాదనాన్ని కోల్పోయి మట్టిని వానకు వదలివేసిందో, కర్మాగారాల మసి, పొలాల రసాయనాలు ఏ యేటినుండి నీటిలో కలవనారంభించాయో, ఆ వృత్తాంతమంతా సరస్తలంలో పొరమీద పొరగా నిక్షిప్తమై ఉన్నది. కాని ఏ పొర ఏ సంవత్సరానిదో తెలియనంతవరకు అది కాలనిర్దేశం చెరిగిపోయిన శాసనాల రాశి వంటిది. ఆ పొరలకు సంవత్సరాలను నిర్ణయించగల విద్యలలో అత్యంత విలక్షణమైనది, ఆకాశంనుండి రాలిన రేడియోధార్మిక ధూళిని ఆధారంగా గ్రహించి, పొర వయస్సునూ అవక్షేపం చేరే వేగాన్నీ గణించే విద్య. పాఠకుల హస్తాలను అలంకరించిన ఈ గ్రంథం ఆ విద్యకు తెలుగులో వెలసిన వివరణం.

దీనికి పీఠిక వ్రాయవలసిందిగా గ్రంథకర్త్రి కోరారు. ఈమె ఒకప్పుడు నా వద్ద చదువుకొన్నవారు. ఆ వాత్సల్యం విమర్శకు అడ్డు రాకూడదన్న తలంపుతో, వ్రాతప్రతిని ఒక అపరిచితుని కృతిగా భావించి ఆమూలాగ్రం పఠించాను. పఠించిన మీదట నిస్సంకోచంగా చెప్పగలిగిన మాట ఇది: మట్టిపొరకు సంవత్సరాన్ని కట్టే లెక్క ఇతర గ్రంథాలలోనూ దొరుకుతుంది, కట్టిన సంవత్సరాన్ని ఎట్లు శంకించాలో, ఎట్లు పరీక్షించాలో, ఏ దశలో దానిని విశ్వసించవచ్చునో ఇంత ఓపికగా బోధించిన గ్రంథం నేను అరుదుగా చూశాను.

పాఠక మహాశయులు తొలి అధ్యాయంలోనికి పోకముందు కాసేపు నా ప్రక్కన కూర్చుండి మూలసూత్రాన్ని ఆలకింతురుగాక. సీజియం-137 ప్రకృతిసిద్ధమైన పదార్థం కాదు. యురేనియం, ప్లుటోనియం వంటి భారమూలకాల కేంద్రకాలు విచ్ఛిన్నమైనప్పుడు జనించే శకలాలలో అది ఒకటి. 1945 జూలై 16న న్యూ మెక్సికో ఎడారిలో జరిగిన తొలి అణువిస్ఫోటనంతోనే దాని ధూళి భూమిపై రాలనారంభించినా, 1952 నవంబరు 1న పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ దీవులలో హైడ్రోజన్ విస్ఫోటనం జరిగి, ఆ మేఘం స్ట్రాటో ఆవరణాన్ని చేరిన పిమ్మటనే దాని వ్యాప్తి సార్వత్రికమయింది. అంత ఎత్తుకెగసిన ధూళి నెలలు, ఏండ్లు భూగోళం చుట్టూ పరిభ్రమించి, వానతోను మంచుతోను నేలకు దిగివచ్చింది. 1961, 1962 సంవత్సరాలలో అమెరికా, సోవియట్ యూనియన్ పోటాపోటీగా జరిపిన పరీక్షల ఫలితంగా ఉత్తరార్ధగోళంలో ఈ అవపాతం 1963లో పరాకాష్ఠనందుకొన్నది. ఆ యేడే ఆగస్టు 5న మాస్కోలో పాక్షిక పరీక్షానిషేధ ఒప్పందంపై సంతకాలు జరిగాక, ఫ్రాన్స్ 1974 వరకు, చైనా 1980 వరకు వాతావరణంలో పరీక్షలు సాగించినప్పటికీ, అవపాతం శీఘ్రంగా క్షీణించింది. నేలపై పడిన సీజియం బంకమన్ను రేణువులను, విశేషించి ఇల్లైట్ అనే ఖనిజపు పొరల అంచులను గాఢంగా అంటిపట్టుకొంటుంది. వాన ఆ రేణువును ఎక్కడికి కొట్టుకొనిపోతే అక్కడికే పోయి, సరస్సులో అది దిగిన పొరలోనే తానూ దిగుతుంది. కావున సరస్సు అడుగునుండి నిలువుగా తీసిన మట్టిస్తంభంలో సీజియం తొలిసారి పొడసూపే పొర 1950లలో తొలిభాగానిది, అతిశయించి ఉన్న పొర 1963 ప్రాంతానిది. 2003లో తీసిన స్తంభంలో ఆ అతిశయపు పొర 20 సెంటీమీటర్ల లోతున ఉన్నదనుకొంటే, 40 ఏండ్లలో 20 సెంటీమీటర్లు, అనగా సాలీనా సగటున అర సెంటీమీటరు ఒండ్రు చేరినదని తేలుతుంది. లోతునకు పోయేకొద్దీ పైబరువుకు మట్టి అణగిపోతుంది గనుక, మందంతో కాక చదరపు సెంటీమీటరుకు చేరిన పొడిమట్టి బరువుతో లెక్క కట్టడం సరియైన పద్ధతి; ఈ భేదాన్ని గ్రంథకర్త్రి ఆదిలోనే నొక్కిచెప్పడం శ్లాఘనీయం.

సీజియం సాక్ష్యం ఒకటి రెండు సంవత్సరాలకు సంబంధించినది. వాటి నడుమ ఏమి జరిగినదో, వాటికి పూర్వం ఏమి జరిగినదో తెలుపడానికి సీసం-210 తోడు రావాలి. దీని వంశం అతిప్రాచీనం. భూగర్భంలోని యురేనియం-238 పరంపరలో రేడియం-226 పుడుతుంది. రేడియం నుండి 3.8 దినాల అర్ధాయువుగల రేడాన్ వాయువు పుట్టి, కొంత నేలను వీడి గాలిలో కలిసి, అక్కడ క్షయమై క్రమంగా సీసం-210గా పరిణమించి, వానతో తిరిగి నేలకూ నీటికీ చేరుతుంది. ఇట్లు ఆకాశమార్గాన వచ్చిన సీసం, మట్టిలోనే ఉన్న రేడియం నుండి అక్కడికక్కడ పుట్టే సీసానికి అదనంగా పొరలో చేరి, సుమారు 22 సంవత్సరాలకు సగం చొప్పున తరిగిపోతుంది. ఆ అదనపు భాగం లోతుతోపాటు ఎట్లు తరుగుతున్నదో చూచి నూరు, నూటయాభై ఏండ్ల వరకు వెనుకకు లెక్కించవచ్చు. అణ్వస్త్ర ధూళి మానవ కల్పితం, సీసం-210 ప్రకృతిదత్తం. రెండూ భిన్నమార్గాల వచ్చి ఒకే పొరను గురించి ఒకే మాట చెప్పినప్పుడే ఆ మాటకు ప్రామాణ్యం.

ఈ విద్యకు గురుపరంపర ఉన్నది. దానిని గౌరవపురస్సరంగా స్మరించడం పీఠికాకర్త విధి. సీసం-210తో కాలనిర్ణయం సాధ్యమని అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన ఎడ్వర్డ్ గోల్డ్‌బెర్గ్ 1963లో ప్రతిపాదించారు. సీజియం పరాకాష్ఠనందుకొన్న సంవత్సరమూ అదే కావడం విశేషం. ఆ ప్రతిపాదనను సరస్సుల అవక్షేపాలకు అన్వయించిన పరిశోధన మాత్రం మన దేశపు శాస్త్రవేత్తల నాయకత్వాన వెలువడింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పనిచేసిన ఎస్. కృష్ణస్వామి, దేవేంద్ర లాల్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు మార్టిన్, మేబెక్‌లతో కలిసి 1971లో ‘ఎర్త్ అండ్ ప్లానెటరీ సైన్స్ లెటర్స్’ పత్రికలో ప్రకటించిన వ్యాసం, సరస్సు అవక్షేపాల కాలనిర్ణయాన్ని గురించి నేటికీ ప్రపంచమంతటా ఉదాహరింపబడుతున్నది. వారాణసిలో జన్మించి, విశ్వకిరణాల వలన వాతావరణంలో పుట్టే ఐసోటోపులను జీవితమంతా అధ్యయనం చేసి, అటుపిమ్మట అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాలకు నిర్దేశకులైన దేవేంద్ర లాల్, ఐసోటోపు ఏదైనా దాని పుట్టుకనూ ప్రస్థానాన్నీ మొదట తెలుసుకొని, తర్వాతనే దానిచేత కాలాన్ని పలికించాలన్న క్రమశిక్షణకు ప్రతీక. ఆ వ్యాసాన్ని మన విద్యార్థులు విదేశీయుల గ్రంథాలలోని ఉదాహరణల ద్వారా తెలుసుకోవడం నాకు చిరకాలంగా బాధ కలిగించిన విషయం. ఈ గ్రంథంలో దానికొక పూర్తి ప్రకరణం దక్కినందుకు నేను వ్యక్తిగతంగా ఆనందించాను.

మూడవ అధ్యాయం ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్ సరస్సులకు అంకితమైనది. గ్రంథమంతటిలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ఇదే. విండర్‌మియర్ సరస్సు ఒడ్డున వ్రే కోటలో 1931లో మంచినీటి జీవశాస్త్ర సంఘం నెలకొన్ననాటినుండి అక్కడ సరస్తలాన్ని చదవడమనే పని అవిచ్ఛిన్నంగా సాగింది. వినిఫ్రెడ్ పెన్నింగ్టన్ అనే వృక్షశాస్త్రవేత్త్రి 1943లోనే విండర్‌మియర్ ఉత్తరభాగపు అవక్షేపాలను, వాటిలోని డయాటముల క్రమాన్ని ఆధారంగా చేసుకొని సవిస్తరంగా వర్ణించారు. అక్కడనే మెకరెత్ అనే శాస్త్రవేత్త సంపీడిత వాయువు బలంతో గొట్టాన్ని మెత్తని మట్టిలోనికి దింపే యంత్రాన్ని నిర్మించి 1958లో దాని వివరాలు ప్రకటించారు. పైపొరలు చెదరకుండా తీయగల చిన్న యంత్రాన్ని 1969లో లోకానికందించారు. మట్టిస్తంభాన్ని చెదరకుండా పైకి తీయలేకపోతే ఎంతటి పరికరమున్నా వ్యర్థమే గనుక, ఈ యంత్రకర్తను భౌతికశాస్త్రవేత్తల సరసన కూర్చుండబెట్టిన గ్రంథకర్త్రి న్యాయదృష్టిని మెచ్చుకొనక తప్పదు. ఆ తర్వాత 1973లో పెన్నింగ్టన్, హార్వెల్ అణుశక్తి కేంద్రానికి చెందిన కాంబ్రే, ఫిషర్‌లతో కలిసి ఆ సరస్సుల మట్టిలోని సీజియాన్ని కొలిచి ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ముప్పది ఏండ్లుగా ఆ మట్టిని ఎరిగిన వృక్షశాస్త్రవేత్త్రి, వానలోని రేడియోధార్మికతను ఏటేటా కొలుస్తూ వచ్చిన భౌతికశాస్త్రవేత్తలు ఒకే పొరను చెరొక వైపునుండి చదివిన ఆ సందర్భాన్ని గ్రంథకర్త్రి చిత్రించిన తీరు చదివి తీరవలసినది. వేల్స్ తీరాన మిల్‌ఫర్డ్ హేవెన్‌లో సేకరించిన వాననీటి కొలతలు, ఏ యేట ఎంత సీజియం రాలినదో తెలిపే పట్టికగా ఉపకరించాయి. వాన పట్టిక, మట్టి పట్టిక ఒకదానితో ఒకటి సరిపోలడమే పద్ధతికి తొలి పరీక్ష.

ఆ సరస్సులకే విధి మరొక గుర్తును కూడా చేర్చింది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో రియాక్టరు బద్దలైన వారానికి ఆ మేఘం బ్రిటన్‌కు చేరినప్పుడు కంబ్రియా కొండలపై భారీ వర్షం కురిసి, అక్కడి నేల సీజియాన్ని సమృద్ధిగా గ్రహించింది. ఆ కొండలపై మేసే గొర్రెల విక్రయంపై విధించిన ఆంక్షలు 2012 వరకు పూర్తిగా తొలగలేదు. గొర్రెల కాపరులకు కష్టం తెచ్చిన ఆ వానే సరస్తలంలో 1963 రేఖకు పైన మరొక రేఖను గీచింది. ఇవి రెండూ సీజియం రేఖలే అయినప్పుడు ఏది ఏదో ఎట్లు గుర్తించడం? చెర్నోబిల్ ధూళిలో రెండేండ్ల అర్ధాయువుగల సీజియం-134 కూడా ఉండేది. అది ఉన్నన్నాళ్లూ అదే ఆనవాలు. అది నశించిన పిమ్మట అమెరీషియం-241 శరణ్యం. అణ్వస్త్రాల ప్లుటోనియం-241 నుండి పుట్టే అమెరీషియం 1963 పొరలో ఉంటుంది, బ్రిటన్ సరస్సుల చెర్నోబిల్ పొరలో కనిపించేంతగా ఉండదు. ఈ వివేచన సాగే పుటలను విద్యార్థులు రెండుసార్లు చదువుదురుగాక.

పరిశ్రమను గురించి ఒక మాట. ఈ విద్యలో ఫలితం ఒక వక్రరేఖ; ఆ రేఖపైనున్న ఒక్కొక్క బిందువు వెనుక ఉండే శ్రమ పాఠకునికి కనిపించదు. మట్టిస్తంభాన్ని సెంటీమీటరుకొక బిళ్లగా, ఒక్కొక్కప్పుడు అర సెంటీమీటరుకొక బిళ్లగా కోసి, అంచున గొట్టానికి రాసుకొని చెదరిన మట్టిని చెక్కివేసి, తడిబరువు తూచి, ఆరబెట్టి, పొడిబరువు తూచి, నూరి, గాలి చొరని డబ్బాలో మూసి, రేడాన్ దాని సంతతితో సమతౌల్యానికి వచ్చేదాకా సుమారు మూడు వారాలు వేచియుండి, ఆపైన ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన జెర్మేనియం శోధకంలో ఒక్కొక్క బిళ్లను ఒకటి రెండు రోజులపాటు లెక్కించాలి. సీజియం 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, సీసం-210 కేవలం 46.5 వద్ద గామా కిరణాన్ని వెలువరిస్తాయి. రెండవది ఎంత బలహీనమంటే ఆ మట్టే దానిని మ్రింగివేస్తుంది గనుక దానికి ప్రత్యేక సవరణ అవసరం. శోధకం చుట్టూ కట్టే సీసపు గోడకు కొత్త సీసం పనికిరాదు. అందులోనే సీసం-210 ఉంటుంది. శతాబ్దాల నాటి ప్రాచీన సీసాన్ని వెదకి తేవాలి. గ్రంథకర్త్రి ఈ పనినంతటినీ స్వహస్తాలతో చేసినవారు. నాల్గవ అధ్యాయంలో ఏ దశలో ఏ చేయి తడబడుతుందో ఆమె వ్రాసిన సూచనలు అనుభవం లేనివారు వ్రాయగలిగినవి కావు.

ఇక అయిదవ అధ్యాయం. ఈ గ్రంథం గౌరవానికి పాత్రమైనదని నేను నిశ్చయించుకొన్నది ఇక్కడ. సీసం-210 నుండి సంవత్సరాలను రాబట్టాలంటే ఏదో ఒక ఊహను అంగీకరించాలి: పొరపొరకూ చేరేటప్పటి సాంద్రత స్థిరమనవచ్చు, లేక ఆకాశంనుండి సరస్సుకు ఏటేటా చేరే మొత్తం స్థిరమనవచ్చు. రెండవ మార్గాన్ని లివర్‌పూల్‌కు చెందిన యాపిల్‌బీ, ఓల్డ్‌ఫీల్డ్ 1978లో సువ్యవస్థితం చేశారు. ఎగువ నేల కోసుకొనిపోయి ఒండ్రు ఒక్కసారిగా పెరిగిన సరస్సులో ఈ రెండు ఊహలూ రెండు వేర్వేరు చరిత్రలను చెబుతాయి. తీర్పు చెప్పవలసినది సీజియమే. అయితే ఆ న్యాయమూర్తి నిష్కళంకుడేనా అన్న ప్రశ్నను గ్రంథకర్త్రి దాటవేయలేదు. అడుగున పురుగులు మట్టిని కలియబెడితే రేఖ పలచబడి వ్యాపిస్తుంది. ఆక్సిజన్ లేని అడుగునీటిలో పెరిగే అమ్మోనియం, మట్టి పట్టునుండి సీజియాన్ని విడిపిస్తుంది. బంకమన్ను తక్కువై జీవపదార్థం ఎక్కువైన మట్టిలో సీజియం నిలిచినచోట నిలువదు. న్యూ ఇంగ్లండ్, స్కాండినేవియాల మృదుజల సరస్సులను పరిశోధించిన డేవిస్ ప్రభృతులు 1984లో, అక్కడ సీజియం కాలనిర్ణయం విఫలమయిందని తమ వ్యాసశీర్షికలోనే ప్రకటించారు. పద్ధతిని బోధించే గ్రంథాలు ఇటువంటి వ్యాసాలను అడుగున చిన్న అక్షరాలలో పేర్కొని ముందుకు సాగడం సామాన్యం. ఈమె ఆ వైఫల్యాన్ని అధ్యాయానికి కేంద్రంగా నిలిపి, ఏ సరస్సులో సీజియం మాట చెల్లుతుందో, ఏ సరస్సులో చెల్లదో దానినుండే వివేచించారు.

కెనడాలోని క్రాఫర్డ్ సరస్సును గురించిన ప్రకరణం సంక్షిప్తమే అయినా సమంజసం. ఏటికొక పొరగా విడివిడిగా లెక్కించగలిగిన ఆ చిన్న లోతైన సరస్సు మట్టిలోని ప్లుటోనియం రేఖను ‘ఆంత్రోపోసీన్’ అనే నూతన భూయుగానికి ఆరంభచిహ్నంగా 2023లో ప్రతిపాదించారు. 2024లో భూశాస్త్రవేత్తల ఉపసంఘం ఆ యుగప్రతిపాదనను తిరస్కరించింది. తిరస్కృతమైనది యుగవిభజన, రేఖ నిక్కచ్చితనాన్ని ఎవరూ కాదనలేదు. ఈ భేదాన్ని పాటించడంలో గ్రంథకర్త్రి సంయమనం ప్రశంసార్హం.

ఈ కాలరేఖ మానవజాతికి జరిగిన అపకారంనుండి పుట్టినదన్న స్పృహ గ్రంథమంతటా ఉన్నది. 1954 మార్చి 1న బికినీ దీవిలో జరిగిన విస్ఫోటనపు ధూళి రోంగెలాప్ దీవివాసులపై రాలింది. ‘ఫుకుర్యు మారు’ అనే జపాను చేపల పడవపై రాలి, ఆ నావికులలో ఒకరిని కొద్ది నెలలకే బలిగొన్నది. ఆ వార్త విన్న మీదట ఏప్రిల్ 2న జవాహర్‌లాల్ నెహ్రూ పార్లమెంటులో, పరీక్షలను వెంటనే నిలిపివేసే ఒప్పందం కావాలని కోరారు. మాస్కో ఒప్పందానికి ముందు తొమ్మిదేండ్లు గడిచాయి. మన ప్రయోగశాలలో కొలిచే సీజియంలో ఆ తొమ్మిదేండ్ల ధూళే అధికం. ఈ సంగతి ఎరిగి ఈ విద్యను అభ్యసించాలి.

గ్రంథంలో లోపం ఒకటున్నది, దానిని దాచడం ధర్మం కాదు. ఉష్ణమండల జలాశయాలకు, అందునా మన చెరువులకు దక్కిన చోటు తక్కువ. అవపాతం ఉత్తర మధ్యాక్షాంశాలలో అధికంగా, భూమధ్యరేఖ దిక్కున అల్పంగా రాలింది. మన మట్టిలో సీజియం సహజంగానే తక్కువ. వేసవిలో ఎండి నెరలు విచ్చే చెరువులో పైపొర క్రిందికి జారి క్రమం చెడుతుంది. రూర్కీలోని జాతీయ జలశాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు కుమావూ కొండల సరస్సులలో ఈ పద్ధతితో పూడిక వేగాన్ని కొలిచారు. దక్కను పీఠభూమిలో అటువంటి ప్రయత్నానికి అనువైన చోట్లు లేకపోలేదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర తెచ్చిన పూడికతో తన సామర్థ్యంలో సగానికి పైగా కోల్పోయిన జలాశయం. 1950ల తొలి ధూళినుండి 1963 పరాకాష్ఠ వరకు రాలినదంతా దాని నీటిలోనే రాలింది. 1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ అట్లు కాదు. అక్కడ 1963 రేఖను జలాశయపు ఒండ్రులో వెదకడం వృథా. మునిగిపోయిన పాత నేల ఉపరితలంలోనే అది ఉండాలి, ఆ నేల పైనున్నదంతా జలాశయం తెచ్చుకొన్న పూడిక. రెండవ ముద్రణలో ఈ విషయాలను విస్తరించవలసిందిగా గ్రంథకర్త్రికి నా ఆదేశం.

ఈ పనికి వ్యవధి స్వల్పం. సీజియం-137 అర్ధాయువు 30 ఏండ్లు. 1963లో రాలినదానిలో నాల్గవవంతే నేడు మిగిలి ఉన్నది; ఈ శతాబ్ది నడుమకు ఎనిమిదవవంతే మిగులుతుంది. ఆదిలోనే అల్పమైన మన భాగం అప్పటికి పరికరాలకు అందకపోవచ్చు. మరొకవైపు తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ వంటి పథకాలతో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. అది రైతుకు మేలు చేసిన సత్కార్యమే, కాని ఆ మట్టితో పొరల క్రమం కూడా బండ్లకెక్కి పోయింది. కనుక నీటిపారుదల శాఖల ఇంజనీర్లకు, మన విశ్వవిద్యాలయాల భూగర్భ, భౌతికశాస్త్ర ఆచార్యులకు నా విన్నపం: ఇకపై ఏ పెద్ద చెరువులో పూడిక తీయబూనినా, ముందుగా నిండువేసవిలోనూ తడి ఆరని లోతట్టున ఒక మట్టిస్తంభాన్ని తీయించండి, బిళ్లలుగా కోయించి, ఆరబెట్టి, తేదీ, స్థలం వ్రాసి భద్రపరచండి. నేడు లెక్కించే సాధనం చేతిలో లేకపోయినా సరే, మట్టిని దాచి ఉంచండి. అది తీసే విధానం, కోసే విధానం, దాచే విధానం ఈ గ్రంథపు నాల్గవ అధ్యాయంలో సాంగోపాంగంగా ఉన్నాయి.